బంతిలో చివరి విస్తరి

మన తెలుగులో 'వరస' అన్న మాట ఉంది చూశారూ, అది మహా గడుసుది. "వరసగా నిలబడండర్రా" అంటే ఒక అర్థం. "ఆయన నీకు ఏ వరస?" అంటే ఇంకో అర్థం. "ఏమిటీ వరస?" అని అత్తగారు కనుబొమలు ముడిచారంటే అది మూడో అర్థం, దానికి జవాబు చెప్పకపోవడమే మంచిది. 'సంబంధం' కూడా అలాంటిదే. మామూలుగా అంటే ఏమీ లేదు గాని, "మంచి సంబంధం వచ్చింది" అన్నారంటే ఇక ఇల్లు దులిపి, కుర్చీలు తుడుచుకోవలసిందే.

ఈ రెండు మాటలూ కలిసి నాకు ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టాయంటే మీరు నవ్వుతారు. నిజమే సుమండీ. ఒక ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్లో పనిచేసి మొన్నమొన్ననే రిటైరయ్యాను. అక్కడ నేను చేసిందల్లా రిలేషనల్ డేటాబేస్ అనే దానిలో వరసలు చూసుకోవడం. రిలేషన్ అంటే సంబంధం. రో అంటే వరస. ఇంట్లోనూ అవే, ఆఫీసులోనూ అవే! "ఇంతకీ ఆ ఏసీ గదిలో కూర్చుని ఏం చేసేదానివే?" అని మా వీధిలో పెద్దవాళ్ళు ఇప్పటికీ అడుగుతూంటారు. లెక్కలు రాసేదాన్నని చెప్పి తప్పించుకునేదాన్ని. ఇవాళ కాస్త తీరిగ్గా ఉంది కనక చెబుతాను.

పాలలెక్క రాసుకునే పుస్తకం మీ అందరికీ తెలిసిందే. నిలువు గళ్ళలో తారీకు, ఎన్ని లీటర్లు, ధర. అడ్డంగా రోజుకో వరస. అలాంటి పట్టికనే కంప్యూటర్లో పెట్టారనుకోండి, దాన్ని టేబులంటారు. ఒక పట్టికలో మనుషుల పేర్లు, ఇంకో పట్టికలో వాళ్ళ బ్యాంకు శాఖలు, మరో దానిలో జీతాలు. ఇలా ఎన్నో పట్టికలు పెట్టి, ఒకదానిలో ఉన్న నంబరుని ఇంకోదానిలో వెతికి జత కలుపుకుంటారు. అంతే. మనం పేరంటానికి పిలవవలసిన వాళ్ళ జాబితా, పోయినేడు వాళ్ళు మనకి పెట్టిన చీరల జాబితా పక్కపక్కన పెట్టుకుని చూసుకోమూ? అదే.

ఈ పద్ధతి కనిపెట్టినాయన ఎడ్గర్ కాడ్. 1923లో ఇంగ్లండులో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానాలు నడిపారు. తర్వాత అమెరికా వెళ్ళి ఐ.బి.ఎం. కంపెనీలో చేరారు. 1970 జూన్‌లో ఆయన ఒక వ్యాసం రాశారు. పత్రికల్లో వచ్చే వ్యాసాలు లోకాన్ని మార్చవని మా వారు అంటూంటారు గాని, ఇది మార్చింది. అంతకు ముందు కంప్యూటర్లో సమాచారం ఒక గొలుసులాగో, చెట్టుకొమ్మల్లాగో కట్టి ఉండేది. ఏ కొమ్మ పట్టుకుని ఎటు వెళ్ళాలో, ఎక్కడ మలుపు తిరగాలో ప్రోగ్రాము రాసేవాళ్ళే చెప్పాలి. 1973లో ఛార్లెస్ బాక్మన్ అనే పెద్దాయన ట్యూరింగ్ బహుమతి అందుకుంటూ చేసిన ఉపన్యాసంలో ప్రోగ్రామర్లని సముద్రంలో దారి చూపించే నావికులతో పోల్చారు. అది గొప్ప మాటే. కాని కాడ్‌గారి వాదం వేరు. మనిషి నావికుడు కానక్కర్లేదు, తనకేం కావాలో చెబితే చాలు, దారి సంగతి యంత్రమే చూసుకోవాలి అని. 1981లో ఆయనకీ అదే బహుమతి వచ్చింది.

కావలసింది చెప్పడానికో భాష ఉండాలి కదా. 1974లో ఐ.బి.ఎం.లోనే డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు అది తయారుచేశారు. మొదట సీక్వెల్ అన్నారు. ఆ పేరు అప్పటికే వేరే కంపెనీ సొంతం చేసుకుందని తెలిసి ఎస్.క్యూ.ఎల్. అని కుదించారు. పుట్టినప్పుడో పేరు, బడిలో వేసినప్పుడో పేరు, మన పిల్లలకి లేదూ!

ఈ భాషలో అందం ఏమిటంటే మాట ఒక్కటే, పని అందరికీ. "ఐదేళ్ళ సర్వీసు దాటిన వాళ్ళందరికీ ఇంత పెంచు" అని ఒక్క వాక్యం. ఆ అందరూ పదిమందా, పదివేలమందా అన్నది మనకి అక్కర్లేదు. అదీగాక ఆ పట్టికలో వరసలకి ముందూ వెనకా అంటూ లేదు. ఫలానా క్రమంలో చూపించమని అడిగితే తప్ప, ఎవరు మొదట, ఎవరు చివర అన్న పట్టింపే లేదు. ఒక రాశి, అంతే. చేటలో పోసిన బియ్యంలో ఏది మొదటి గింజ అని ఎవరైనా అడుగుతారా?

చేట అన్నాను కనక చెబుతున్నాను. బియ్యం బాగుచేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, చేటతో చెరగడం. ఒక్క విసురుకి ఊకంతా ముందుకి పోతుంది. రెండోది, పళ్ళెంలో పోసుకుని కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కొక్క రాయీ ఏరడం. కాడ్‌గారిది చేట పద్ధతి. ఆ వేలితో ఏరే పద్ధతికి డేటాబేసులో ఉన్న పేరే కర్సర్.

తెరమీద మినుకుమినుకుమనే గీతని కూడా కర్సరే అంటారు గాని, ఇది వేరు. లాటిన్‌లో ఆ మాటకి పరుగెత్తేవాడని అర్థంట. వెనకటి రోజుల్లో ఇంజనీర్లు వాడిన స్లయిడ్ రూలు మీద అటూ ఇటూ జరిపే అద్దం ముక్కనీ అలాగే పిలిచేవారు. మొత్తం మీద, ఎన్నో ఉన్నచోట 'ఇప్పుడు ఇది' అని చూపించే వేలు లాంటిది.

అందరికీ ఒక్కమాట చాలన్నాక మళ్ళీ ఈ వేలెందుకు? అక్కడే ఉంది తిరకాసు. ఆ రోజుల్లో ఆఫీసు ప్రోగ్రాములన్నీ కోబాల్ వంటి భాషల్లో ఉండేవి. వాటికి ఒకసారికి ఒక్క వరస చేతిలో పెడితేనే తెలుస్తుంది. డేటాబేసేమో రాశి మొత్తం ఎత్తి ఇస్తానంటుంది. గంగాళంతో నీళ్ళిచ్చేవాడికీ, చేతిలో గ్లాసు మాత్రమే ఉన్నవాడికీ మధ్య ఒక కుళాయి కావాలి కదా! ఐ.బి.ఎం. వాళ్ళు సిస్టమ్ ఆర్ అనే ప్రయోగంలోనే ఈ కుళాయిని అమర్చుకున్నారు.

కర్సర్ వాడడం అచ్చం ఆవకాయ జాడీ వాడడమే. ముందు జాడీ మీద చీటీ అంటించాలి, ఇందులో ఫలానాది ఉందని. దాన్ని డిక్లేర్ అంటారు. తర్వాత మూత తియ్యాలి, అది ఓపెన్. గరిటెతో ఒక్కొక్క ముక్కే తీసుకోవాలి, అది ఫెచ్. తీసిన ముక్క విస్తట్లో వేసి మళ్ళీ గరిటె పెట్టాలి. ఎప్పటిదాకా? జాడీ అడుగు తగిలేదాకా. అడుగు తగిలిందని చెప్పడానికి యంత్రం ఒక నంబరు ఇస్తుంది, చాలా డేటాబేసుల్లో అది 100. పరీక్షలో పిల్లలకి నూటికి నూరొస్తే మనకి సంతోషం. ఇక్కడ నూరొచ్చిందంటే "ఇంకేం లేదమ్మా, లేచి వెళ్ళు" అని. ఆఖర్న మూత పెట్టాలి, క్లోజ్. మూత పెట్టకుండా వదిలేస్తే ఆవకాయకి బూజు పడుతుంది. ఇక్కడ జ్ఞాపకశక్తి వృథా అవుతుంది, ఒక్కోసారి మిగతావాళ్ళ పనులూ ఆగిపోతాయి. ఒరాకిల్ అనే డేటాబేసులో మూత పెట్టని జాడీలు హద్దు మీరితే 01000 అని నంబరు వేసి మరీ చివాట్లు పెడుతుంది. వంటింట్లో అలాంటిదొకటి ఉంటే బాగుండునని నాకెన్నోసార్లు అనిపించింది.

ఇంత పద్ధతిగా ఉన్నదాన్ని పట్టుకుని ఈనాటి కుర్రవాళ్ళు కర్సరంటే మొహం చిట్లిస్తారు. దానికి కారణం లేకపోలేదు. అది నెమ్మది. ఉప్పుకొకసారి, పప్పుకొకసారి, చింతపండుకొకసారి కొట్టుకి వెళ్ళొచ్చామనుకోండి. సరుకులు చూస్తే గుప్పెడు, కాళ్ళు చూస్తే పీకులు. ప్రతి వరసకీ ఒకసారి అడగడం, ఒకసారి అందుకోవడం, ఒకసారి రాయడం. వరసకి క్షణంలో ఎన్నో వంతే పట్టినా వేలకి వేలు వరసలయ్యేసరికి తెల్లారిపోతుంది. అదే చీటీ మొత్తం రాసి ఒక్కసారి ఇచ్చామనుకోండి, కొట్టువాడు ఏ అర దగ్గరికి ముందు వెళ్ళాలో తనే చూసుకుంటాడు.

కొట్టువాడి తెలివి అన్నాను కదా, డేటాబేసుకి ఆ తెలివి నేర్పించిన వాళ్ళలో ముఖ్యురాలు ఒక ఆడమనిషి. పాట్ సెలింగర్ అని, సిస్టమ్ ఆర్‌లో పనిచేసిన ఆవిడే. ఒక ప్రశ్నకి జవాబు తేవడానికి పది దారులుంటే, ఏ దారికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి చవకైన దారి ఎంచుకోవడం ఎలాగో 1979లో ఆవిడా, తోటివాళ్ళూ కలిసి రాశారు. పెద్ద పెద్ద డేటాబేసులు ఈనాటికీ నడిచేది ఆ బాటలోనే. ఖర్చు లెక్కగట్టి చవకదారి ఎంచుకోవడం ఒక ఆడమనిషి చేతిమీదుగా వచ్చిందంటే మనకేం ఆశ్చర్యం లేదనుకోండి.

ఈవిడే ఇంకో తమాషా సంగతిలోనూ ఉన్నారు. అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్ అని పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగే పండగ. 1976లో ఆ రోజున సెలింగరూ, ఛాంబర్లిన్, మోర్టన్ ఆస్ట్రహాన్ కలిసి ఒక చిక్కు పట్టుకున్నారు. ఇరవై ఐదు వేల డాలర్లకి తక్కువ జీతం ఉన్నవాళ్ళకి పదిశాతం పెంచమని యంత్రానికి చెప్పారు. పని అయ్యాక చూస్తే తక్కువ జీతం వాళ్ళనేవాళ్ళే లేరు! అందరికీ ఇరవై ఐదు వేలు దాటేసింది. ఏమైందంటే, యంత్రం జీతాల క్రమంలో కిందనుంచి పైకి వస్తోంది. ఒకరికి పెంచగానే అతని వరస ఆ క్రమంలో ముందుకి జరిగింది. యంత్రం అక్కడికి వచ్చేసరికి మళ్ళీ అతనే ఎదురుగా ఉన్నాడు. మళ్ళీ పెంచింది. ఇరవై ఐదు వేలు దాటేదాకా వదిలితేనా!

గుళ్ళో పులిహోర ప్రసాదం పంచేటప్పుడు మీరిది చూసే ఉంటారు. ఒక గడుగ్గాయి ప్రసాదం తీసుకుని, నోరు తుడుచుకుని, మళ్ళీ వరస చివర నిలబడతాడు. పెట్టేవాళ్ళు చేతులే చూస్తారు గాని మొహాలు చూడరు. దీనికి మందు మన పెద్దవాళ్ళు వాడేదే. ముందు ఎవరెవరికి పెట్టాలో జాబితా రాసేసుకో, ఆ తర్వాత పెట్టడం మొదలెట్టు. రాసేటప్పుడు పెట్టకు, పెట్టేటప్పుడు రాయకు. కర్సర్లలో కూడా ముందే ఫొటో తీసి పెట్టుకున్నట్టు వరసలన్నీ నిలబెట్టేసుకునే రకం ఒకటుంది. ఆ చిక్కుకి మాత్రం పండగ పేరే ఖాయమైపోయింది.

ఇంతా చెప్పి, కర్సర్ పనికిమాలినదంటున్నానా అంటే, కాదు. కొన్ని పనులు ఒక్కొక్కరికీ విడిగానే జరగాలి. శ్రావణమాసం పేరంటంలో ముత్తయిదువులందరినీ ఒకచోట నిలబెట్టి అందరికీ కలిపి ఒక వాయనం ఇచ్చేస్తే ఎలా ఉంటుంది? ఒక్కొక్కరి ముందూ వంగాలి, బొట్టు పెట్టాలి, ఒళ్ళో పెట్టాలి, పుచ్చుకున్నానని ఆవిడ నోటితో అనిపించుకోవాలి. అలాగే ఒక్కొక్కరికీ వేరే ఉత్తరం వెళ్ళాలన్నా, ఒక్కొక్కరి విషయంలో ఇంకో ప్రోగ్రాముని పిలిచి అడగాలన్నా, ఆ వేలు కావలసిందే. ఇంకో మాట. ఒకే వాక్యంగా చేసినప్పుడు మధ్యలో ఒక్క వరస బెడిసికొట్టినా మొత్తం పని వెనక్కి పోతుంది. సగం అయి సగం కాకుండా ఉండకూడదని ఆ నియమం. అది మంచిదే. కాని ఒకావిడ పుట్టినతేదీ తప్పుగా పడిందని వెయ్యిమంది పని ఆగిపోవడం ఎప్పుడూ మంచిది కాదు. ఒక్కొక్కటిగా చేస్తే ఆ ఒక్క కాయితం పక్కన పెట్టి మిగతావి సాగించుకోవచ్చు.

ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. పుస్తకంలో లేనిది మా ఆఫీసులో జరిగింది. అది చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

మా దగ్గర నెలనెలా పెన్షన్లు వేసే ప్రోగ్రాము ఒకటుండేది. నాకంటే ముందున్నవాళ్ళు రాసింది, కర్సర్‌తో. పెన్షనుదారుల పట్టికలోంచి ఒక్కొక్కరినీ తీసుకునేది. ఆ మనిషి బ్యాంకు శాఖ కోడుని శాఖల పట్టికలో వెతికేది. కరువుభత్యం లెక్కగట్టేది. బ్యాంకుకి పంపే జాబితాలో ఒక వరస రాసేది. శాఖ దొరక్కపోతే ఆ పేరు విడిగా ఒక కాయితం మీద వేసి ముందుకి వెళ్ళేది. పొద్దున్నే మా సెక్షను గుమాస్తా ఆ కాయితం పట్టుకుని, ఫోన్లు చేసి, సరిదిద్దించేవాడు. రాత్రి మొదలెడితే ప్రోగ్రాము తెల్లవారుజామున అయ్యేది. నత్తనడకే గాని, నమ్మకమైన నత్త.

2020 ఏప్రిల్‌లో పది ప్రభుత్వ బ్యాంకులు కలిసి నాలుగయ్యాయి, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత శాఖల కోడ్లు మారుతూ వచ్చాయి. 2021లో మా దగ్గర శాఖల పట్టికలో పాతవి తీసేసి కొత్తవి ఎక్కించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే చురుకైన కుర్రవాడొకడు మా సెక్షన్లోకి వచ్చాడు. మంచి పిల్లాడు, పనంటే ప్రాణం. "ఏమిటి మేడమ్, ఇంకా కర్సరా?" అని రెండు రోజులు కూర్చుని, ఆ పాత ప్రోగ్రాము పేజీలన్నిటినీ ఒక్క వాక్యంలోకి దించేశాడు. పెన్షనుదారుల పట్టికా, శాఖల పట్టికా కోడు చూసి జతకలుపు, లెక్కకట్టు, రాయి. అంతే. రాత్రంతా పట్టే పని టీ తాగి వచ్చేలోపల అయిపోయింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. నాకూ ముచ్చటేసింది, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

ఆ మరుసటి నెల నాలుగో తారీకున ఒక పెద్దావిడ వచ్చారు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ముతక జరీ అంచు చీర, చేతిలో గుడ్డసంచి, సంచిలో పాస్‌బుక్కు. ఫ్యామిలీ పెన్షను. భర్త పోయి చాలా ఏళ్ళయింది.

"డబ్బు పడలేదమ్మా" అన్నారు. "మా వీధిలో ఇంకో ఇద్దరున్నారు, మీ ఆఫీసు వాళ్ళే. వాళ్ళకి ఒకటో తారీకునే పడింది. నా దగ్గరికొచ్చేసరికే డబ్బులయిపోయాయా?"

"అయిపోవడమేమిటి మామ్మగారూ, కూర్చోండి, చూస్తాను" అన్నాను.

కూర్చుని మెల్లిగా అన్నారు. "మందుల షాపతను ఫరవాలేదు మామ్మా అన్నాడు. మా కోడలు కూడా పల్లెత్తు మాట అనలేదు, తప్పు చెప్పకూడదు. కాని ఒకటో తారీకున అయిదువేలు దాని చేతిలో పెట్టడం నాకలవాటు. అది పెట్టకుండా అన్నానికి కూర్చుంటే ముద్ద దిగడం లేదమ్మా."

మంచినీళ్ళిచ్చి తెర ముందు కూర్చున్నాను. ఎక్కడా తప్పు చూపించడం లేదు. ప్రోగ్రాము చక్కగా నడిచింది. జాబితా మొత్తం సరిపోయింది. సరిపోదూ మరి? ఆ మొత్తం కూడినదే ఆ జాబితాలోంచి! పెన్షనుదారులు ఎందరని ఒక లెక్క, జాబితాలో ఎందరని ఒక లెక్క వేసి పక్కపక్కన పెట్టాను. పదిహేడు తేడా వచ్చింది.

సంగతి ఏమిటంటే, రెండు పట్టికలు జతకలిపినప్పుడు జత దొరకని వరస ఫలితంలోకి రాదు. తప్పని అరవదు, ఆగదు, చెప్పదు. ఊరికే రాదు. ఆవిడ వరసలో పాత కోడే ఉంది, శాఖల పట్టికలో కొత్తదే ఉంది. పాత ప్రోగ్రాము అయితే ఆవిడ దగ్గరికి వచ్చి, వెతికి, దొరక్క, కాయితం మీద పేరు రాసి ఉండేది. కొత్త వాక్యం ఆవిడ ఉన్నట్టే గుర్తించలేదు. ఆ పదిహేడుమందిలో పదకొండుమంది ఇలాంటి పెద్దావిడలే. భర్త పోయిన రోజుల్లో ఎవరో చెప్పిన చోటల్లా సంతకం పెట్టారు. ఆ తర్వాత బ్యాంకు కోడు మారిందని వాళ్ళకి చెప్పేదెవరు, వచ్చి మనకి చెప్పేదెవరు?

ఆ అబ్బాయి మొహం పాలిపోయింది. "పాత కర్సరే పెట్టేస్తాను మేడమ్" అన్నాడు.

"వద్దు నాయనా" అన్నాను. "చేట చేతికొచ్చాక మళ్ళీ వేలితో ఏరుకుంటామా? కాని చెరిగాక చేటలో ఏం మిగిలిందో చూడాలి. యంత్రాన్ని ఇంకో మాట కూడా అడుగు, జత దొరకనివాళ్ళు ఎవరెవరని."

అలా అడిగే వీలు ఆ భాషలోనే ఉంది. ఎడమపక్క పట్టికలో వాళ్ళందరూ రావాలి, కుడిపక్క జత దొరికినా దొరక్కపోయినా, అని చెప్పవచ్చు. జత దొరకనివాళ్ళ దగ్గర గడి ఖాళీగా వస్తుంది. ఆ ఖాళీలని ఏరితే మన పదిహేడుమందీ వచ్చి నిలబడ్డారు. వాళ్ళ వరకూ మాత్రం కర్సర్ పెట్టాం. ఒక్కొక్కరినీ తీసుకుని, ఉత్తరం తయారుచేసి, ఫోను నంబరు ముందు పెట్టి, పని అయిందో లేదో గుర్తు పెట్టుకునేలాగ. వేలమందికి ఒక్కమాట, పదిహేడుమందికి పదిహేడు మాటలు. వారం తిరక్కుండా అందరికీ డబ్బు పడింది. ఆ తర్వాత ఆ ప్రోగ్రాము చివర ఒక చిన్న లెక్క శాశ్వతంగా చేరింది. వచ్చినవాళ్ళూ, రానివాళ్ళూ కలిపి ఉన్నవాళ్ళకి సరిపోవాలి. సరిపోకపోతే జాబితా బ్యాంకుకి కదలదు.

అప్పటినుంచీ నేను ఒకటి గమనిస్తున్నాను. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళం సహజంగా వేలితో ఏరేవాళ్ళం. ఒకడికి చారు పలచగా ఉండాలి, ఒకతికి వంకాయ పడదు, మామగారికి ఉప్పు తగ్గించాలి. పదిమంది ఉంటే పది దోసెలు పది రకాలు. పొయ్యి దగ్గర నిలబడి ఒక్కొక్కటే అందించి, ఆఖర్న చల్లారిన పెనం మీద మనది. దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటాం గాని, అందులో సగం పని ఒక్కసారిగా వండి ముందు పెడితే అయిపోయేదే. ఆ సగానికీ చేట వాడుకుంటే మన కాళ్ళూ మిగులుతాయి, మన దోసె కూడా వేడిగానే తింటాం. లోకంలో పెద్ద పెద్ద ఆఫీసులు దీనికి ఎదురు. వాళ్ళకి చేట తప్ప వేలు తెలియదు. "అందరికీ ఇచ్చేశాం" అంటారు. అందరూ అంటే జాబితాలో ఉన్న అందరూ. జాబితాలోకి రానివాళ్ళు ఆ 'అందరి'లో లేరు కనక, వాళ్ళ మాటలో అబద్ధమూ లేదు!

మన పెద్దవాళ్ళు పెళ్ళిభోజనాల్లో రెండూ చేసేవారు. బంతి వేశాక వడ్డించేవాళ్ళు ఆగరు. పప్పువాడు పప్పుతో, కూరవాడు కూరతో ఈ చివరనుంచి ఆ చివరకి ఒకటే పరుగు. ఎవరినీ "నీకు కావాలా" అని అడుగుతూ కూర్చుంటే రెండో బంతికి అర్ధరాత్రవుతుంది. కాని వాళ్ళ వెనకాల ఒక పెద్దముత్తయిదువ చేతిలో ఏమీ లేకుండా నడిచేది. వడ్డించడానికి కాదు. ఊరికే విస్తళ్ళు చూసుకుంటూ. స్తంభం చాటున కూర్చున్న పిల్లదాని ఆకులో నెయ్యి పడలేదని కనిపెట్టేది ఆవిడే.

ఆ అబ్బాయికి ఈమధ్యనే పెళ్ళి కుదిరింది. మంచి సంబంధం, పిల్ల కూడా కంప్యూటర్లలోనే. శుభలేఖ ఇవ్వడానికి మా ఇంటికి వచ్చాడు. "భోజనాలు క్యాటరింగు వాళ్ళకి ఇచ్చేశాం మేడమ్, బఫే" అన్నాడు. నా మొహం చూసి నవ్వాడు. "పెద్దవాళ్ళకి మాత్రం బంతే. మీకొక పనుంది, ఆ రోజు మీరు ముందు కూర్చోకూడదు."

"ఏం పనిరా?" అన్నాను.

"బంతి చివరిదాకా నడిచి చూడాలి మేడమ్, ఎవరికి పడలేదో."

సరేనన్నాను. పట్టుచీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుంటే సరి.